బ్లూ మూన్ అంటే నీలి చంద్రుడు కాదు

ఒకే ఇంగ్లీషు నెలలో రెండో పున్నమి వస్తే దాన్ని ఇంగ్లీషులో బ్లూ మూన్ అంటున్నారు. అది వస్తే చాలు, "ఈ రాత్రి ఆకాశంలో నీలి చంద్రుడు" అని హెడ్డింగులు. ఫొటోకి నీలం రంగు పులిమి మరీ వేస్తున్నారు. పిల్లలు డాబా ఎక్కి చూస్తే రోజూ ఉండే తెల్లటి చందమామే. చదివేవాళ్లకి ఇది అన్యాయం.

చంద్రుడు నీలమని చెప్పినా నమ్మాల్సిందేనా అని చర్చి పెద్దల్ని ఎత్తిపొడిచిన ఇంగ్లీషు పద్యం ఒకటి 1528లోనే ఉంది. అంటే అప్పట్లో ఆ మాటకి అర్థం జరగని పని. 19వ శతాబ్దానికి అది "చాలా అరుదుగా" అనే అర్థానికి వచ్చింది. నెలలో రెండో పున్నమి అనే లెక్క ఇంకా తర్వాతిది, అదీ పొరపాటున పుట్టింది. అమెరికాలో మెయిన్ రాష్ట్రపు రైతుల పంచాంగం మూడు నెలల రుతువులో నాలుగు పున్నములు పడితే మూడోదాన్ని బ్లూ మూన్ అనేది. 1946 మార్చిలో స్కై అండ్ టెలిస్కోప్ పత్రికలో జేమ్స్ హ్యూ ప్రూయెట్ దాన్ని తప్పుగా అర్థం చేసుకుని "నెలలో రెండో పున్నమి" అని రాశారు. ఆ పత్రికే 1999లో తప్పు ఒప్పుకుంది. అప్పటికే అది లోకమంతా పాకిపోయింది.

చంద్రుడు నిజంగా నీలంగా కనబడిన సందర్భాలూ లేకపోలేదు. 1883లో ఇండోనేషియాలోని క్రాకటోవా అగ్నిపర్వతం పేలాక, 1950లో కెనడా అడవులు తగలబడ్డాక చూశారు. గాలిలో రేణువులు దాదాపు ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) సైజులో, అన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటే ఎర్రటి కాంతిని చెదరగొడతాయి, నీలం మిగులుతుంది. సైజులు కలగాపులగమైతే ఆ రంగు రాదు. దానికీ పున్నమి లెక్కకీ సంబంధమే లేదు.

ఆ లెక్క మన పంచాంగానికి కొత్తేమీ కాదు. పున్నమికీ పున్నమికీ 29.53 రోజులు. పన్నెండు కలిపితే 354 రోజుల చిల్లర. ఏడాదికి 11 రోజులు తగ్గుతాయి కాబట్టి 32, 33 నెలలకి ఒక పున్నమి ఎక్కువ పడుతుంది, 19 ఏళ్లకి ఏడు. మనవాళ్లు సూర్యుడు రాశి మారని చాంద్రమాసాన్ని అధికమాసం చేసి ఆ తేడా సర్దారు. బ్లూ మూన్, అధికమాసం రెండూ ప్రతిసారీ కలిసి రావు గానీ 2023లో కలిశాయి: ఆగస్టు మొదటి పున్నమి అధిక శ్రావణంలో, 31నాటి బ్లూ మూన్ నిజ శ్రావణంలో.

ఇక అనువాదకులకి ఒక మనవి. "వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్" అని కనబడితే "నీలి చంద్రుడు వచ్చినప్పుడు" అని రాయకండి. "వాడు అమాసకో పున్నానికో ఇంటికొస్తాడు" అంటే ఏ ఊళ్లోనైనా అర్థమవుతుంది. మరీ అరుదని చెప్పాలంటే "పుష్కరానికోసారి" ఉండనే ఉంది.