మా గంగమ్మ చిన్న దేవత కాదండీ

ముప్పైమూడు కోట్ల దేవతలంటే 33 మందేననీ, గ్రామదేవతలు తర్వాత చేరిన ‘చిన్న దేవుళ్లు’ అనీ వ్యాసంలో రాశారు. 33 లెక్క నిజమే. బృహదారణ్యక ఉపనిషత్తులో యాజ్ఞవల్క్య ఋషి చెప్పింది 8 మంది వసువులు, 11 మంది రుద్రులు, 12 మంది ఆదిత్యులు, ఇంద్రుడు, ప్రజాపతి. అడిగేకొద్దీ దాన్ని ఒకటి దాకా తగ్గించాడు కూడా. మరి ఋగ్వేదంలో అందరికన్నా ఎక్కువ సూక్తాలున్న ఇంద్రుడికి మా తిరుపతిలో గుడి నేనైతే చూడలేదు. మా ఊరి గ్రామదేవత గంగమ్మ మాత్రం మాకు వెంకన్న చెల్లెలు, జాతరకు తిరుమల నుంచి సారె వస్తుంది. జాతరలో అమ్మవారి వేషం వేసుకుని గడపలోకి వచ్చిన సొంత తమ్ముడి కాళ్లకు మా అమ్మ పసుపునీళ్లు పోసి దండం పెట్టేది. అలాంటి గంగమ్మను చిన్న దేవత అంటే మనసుకు కష్టంగా ఉంటుందండీ.