ధర ఇన్‌బాక్స్‌లో చెప్పబడును

చీరల షాపు పెట్టినవారు మూడు రహస్యాలను ప్రాణం పోయినా బయటపెట్టకూడదు: షాపు ఎక్కడుంది, సరుకేముంది, ధరెంత. ధర పెడితే పక్క షాపువాడు చూసేస్తాడట. వాడు ఎప్పుడో మరదలి ఫోన్లోంచి అడిగి తెలుసుకున్నాడు. తెలియనిదల్లా కొనేవాళ్లకే.

ముందు ఫ్లెక్సీ. పదడుగుల బై ఆరడుగులు. ఎడమపక్క చేతులు జోడించిన ప్రొప్రైటరు గారు, కుడిపక్క ఎటో చూస్తున్న ఎమ్మెల్యే గారు, పైన దేవుడు, దేవుడి పక్కనే నాన్నగారు, కింద వరసగా పాస్‌పోర్టు సైజు బావమరుదులు. మిగిలిన జానెడు జాగాలో ఒక చీర. అడ్రసు ‘పాత బస్టాండు దగ్గర’. పాత బస్టాండు కూలగొట్టి పదేళ్లయింది కనక దారి ఊళ్లోవాళ్లకే తెలుసు, వాళ్లకు ఫ్లెక్సీతో పనిలేదు. ఫోన్ నంబరు అంగుళం ఎత్తు. ముప్ఫై అడుగులు దాటితే అది చీమల బారే. బండి మీద పోయేవాడికి పేరు, వీధి, నంబరు మాత్రం అడుగెత్తున పెడితే చాలని ప్రింటింగు కుర్రాడు చెబుతాడు. కానీ బావమరుదుల్లో ఎవరిని తీసేస్తాం?

తర్వాత వాట్సాప్. ఒకే మెసేజ్‌ను అందరికీ విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందికి మించి పట్టరు. పైగా మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది, మిగతావాళ్ల దగ్గర ఒక్క టిక్కుతో ఆగిపోతుంది. బిల్లు రాసేటప్పుడు ‘మా నంబరు సేవ్ చేసుకోండమ్మా, కొత్త స్టాకు ఫోటోలు పెడతాం’ అనాలంటే నోరు నొప్పి. అందుకని ఒకసారి ఫాల్ కుట్టించుకోవడానికి వచ్చినావిడను కూడా అడగకుండా గ్రూపులో పడేస్తాం. తెల్లారి ఆరింటికి అరవై ఫోటోలు, ఒక శుభోదయం. ఆవిడ నంబరు వందలమంది ముక్కూమొహం తెలియనివాళ్లకు ఉచితం. ఆవిడ బయటికి పోతుంది, మనం మళ్లీ చేరుస్తాం. దీన్నే కస్టమర్‌ను నిలబెట్టుకోవడం అంటారు.

ఫోటో సూరత్ హోల్‌సేలరుది. దాని మీద ముగ్గురు వ్యాపారుల పేర్లు ఒకదాని మీద ఒకటి. పల్లూ కనపడదు, బ్లౌజుందో లేదో చెప్పరు. ట్యూబులైటు కింద తీసిన ఆవపువ్వు రంగు ఇంటికెళ్లేసరికి నిమ్మపండవుతుంది. పగటివెలుగులో గుమ్మం దగ్గర తీస్తే ఈ తగవుండదు, కానీ షట్టరు పదకొండుకి గాని లేవదాయె.

ఇక సంభాషణ. రాత్రి 9.10కి ప్రశ్న: ‘ఈ మామిడిపిందెల అంచు చీర ఎంతండీ?’ ఆ క్షణంలోనే ఇంగ్లీషులో జవాబు: థాంక్యూ ఫర్ కాంటాక్టింగ్ అస్. అది ఫోను ఇచ్చింది. మనిషి జవాబు మర్నాడు 11.40కి: ‘ఏ చీర మేడమ్?’ ‘పైన ఫోటోలోదేనండీ.’ మూడింటికి: ‘కాల్ చేయండి.’ చేస్తే, ‘అన్న భోజనానికెళ్లిండు.’ సాయంత్రానికి: ‘అది అయిపోయింది మేడమ్, సేమ్ అలాంటిదే ఉంది.’ అలాంటిది అంటే ఏనుగుల అంచు.

వాట్సాప్ వాళ్ల బిజినెస్ యాప్ 2018 నుంచీ ఉచితమే. అందులో కేటలాగు ఉంది, ఒక్కో చీరకు ఫోటో, ధర, వివరం రాసుకోవచ్చు. రోజుకు ఇరవైసార్లు కొట్టే జవాబును ఒకసారి దాచుకుంటే తర్వాత స్లాష్ కొడితే దొరుకుతుంది. ఇవన్నీ వాడితే ఆవిడ రాత్రే కొనేసేది, పాపం తొందరపాటు.

ఆషాఢంలో యాభై శాతం తగ్గింపు ఉంటుంది. జ్యేష్ఠంలోనే రేటు చీటీలు మారతాయి కనక ఎవరికీ నష్టం లేదు.

మన ప్రచారం మొత్తంలో స్పష్టంగా అచ్చయ్యేది బిల్లు అడుగున ఉన్న వాక్యమొక్కటే: అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బివ్వనంటే అది అనుచిత వ్యాపార పద్ధతని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అంటోంది. ఫిర్యాదుకు 1915 అనే నంబరూ ఉంది. ఆ నాలుగంకెలు ఏ ఫ్లెక్సీ మీదా లేవు గనక కంగారక్కర్లేదు. ఆ వాక్యం కిందనే, రెండు నమస్కారాల బొమ్మల మధ్య: మళ్లీ దయచేయండి.