మంచం కింద చూశావా?

మొన్న ఆదివారం పిల్లల కోసం ‘ఇన్‌క్రెడిబుల్స్ 2’ పెట్టాం. ఒక సూపర్ హీరోల కుటుంబం మీద తీసిన 2018 నాటి కార్టూన్ సినిమా, మా ఇంట్లో ఇది ఎన్నోసారో లెక్కలేదు. అందులో తల్లి ఉద్యోగానికి వెళ్తుంది, అంటే దొంగల్ని పట్టుకునే ఉద్యోగం, తండ్రి ఇంట్లో ఉండి ముగ్గురు పిల్లల్ని చూసుకుంటాడు. కొన్ని రోజులకే ఆ మహాకాయుడికి గడ్డం మాసిపోతుంది, కళ్లు పీక్కుపోతాయి. సరిగ్గా అక్కడికొచ్చేసరికి మా మరిది, నేను వేయించి ఇచ్చిన అప్పడం పటుక్కున విరుస్తూ, “పాపం, ఎంత కష్టపడుతున్నాడో చూడండి వదినా” అన్నాడు.

పాపమట!

2004లో వచ్చిన మొదటి భాగంలో ఆ ఇల్లాలు ఏళ్ల తరబడి అదే పని చేసింది. భోజనాల బల్ల దగ్గర కొట్టుకుంటున్న పిల్లల్ని రెండు చేతులూ రబ్బరులా సాగదీసి విడదీసింది, విమానం పేలిపోతే పిల్లల కోసం పారాచూట్ అయింది, సముద్రంలో పడ్డాక పడవ కూడా అయింది మహాతల్లి. అప్పుడెప్పుడూ మా మరిది నోట పాపం అన్న మాట రాలేదు. పడవ అవ్వడం ఆడవాళ్ల డ్యూటీయే కదా, అందులో పాపం ఏముంది!

సరే, అది వదిలేశాను. నేను వదల్లేకపోతున్నది బూట్ల సంగతి.

ఈ రెండో భాగంలో ఆవిడ డ్యూటీలో ఉంటుంది. ఫోన్ మోగుతుంది. చేసింది కొడుకు. వాడి బూట్లు కనపడటం లేదట, నాన్నకీ కనపడలేదట, అమ్మకి ఫోన్ చెయ్యొద్దని నాన్న అన్నాడట, అందుకని వీడే చేశాడట. ఆవిడ, ఎక్కడో వేరే ఊళ్లో ఉండి, మంచం కింద చూడమంటుంది.

ఇప్పుడు పాఠకులు దయచేసి ఆ ఇంట్లో ఉన్న మానవ వనరుల్ని ఒకసారి పరిశీలించాలి. ఆ కొడుకు నీళ్ల మీద పరుగెత్తగలడు, మునగకుండా. తలుచుకుంటే వాడు ఇల్లంతా ఎన్నిసార్లు గాలించగలడో మనం లెక్కపెట్టేలోపే గాలించి వచ్చేస్తాడు. ఇక తండ్రి. పట్టాలు తెగిన చోట రైలును ఒంటితో ఆపినవాడు, మొదటి భాగంలో రైల్వే యార్డుకెళ్లి రైలు పెట్టెలతో కసరత్తు చేసినవాడు. రైలు పెట్టెను ఎత్తగలిగిన మనిషి మంచం ఎత్తి కింద చూడలేకపోయాడు! ఇది శక్తికి సంబంధించిన సమస్య కాదని సైన్సు తెలియనివాళ్లకి కూడా అర్థమవుతుంది.

ఇదొక్క కుటుంబానికి పట్టిన జబ్బనుకుంటే పొరపాటు. వాళ్ల స్నేహితుడు ఫ్రోజోన్, గాల్లో తేమను మంచుగడ్డ చేసే మొనగాడు, కిటికీ అవతల రాక్షస రోబో ఊరిని నుజ్జు చేస్తుంటే, ఇవతల గదిలో నిలబడి నా సూపర్ సూట్ ఎక్కడ అని పెళ్లాన్ని కేకేస్తాడు. ఆవిడ పేరు హనీ. రెండు సినిమాల్లోనూ ఆవిడ మొహం మనకు చూపించరు, గొంతు మాత్రమే. మన ఇళ్లలోనూ అంతేగా, వంటింట్లోంచి గొంతు వస్తుంది, వస్తువు దొరుకుతుంది.

నాకెప్పుడూ ఒక దృశ్యం కళ్లకు కడుతుంటుంది. విలన్ ప్రకాశం బ్యారేజీకి బాంబు పెట్టాడు. 70 గేట్లు, అరగంట టైమ్. మన సూపర్ హీరో సత్యనారాయణపురంలో తన ఫ్లాట్‌లో, తువ్వాలు చుట్టుకుని, బీరువా ముందు నిలబడి ఉన్నాడు. గోడల్లోంచి చూడగల కళ్లు. ఇక్కణ్ణుంచి కృష్ణానది అడుగున ఉన్న రాయి కూడా కనిపిస్తుంది. భార్య బ్యాంకులో ఆడిట్ మీటింగ్‌లో ఉంది.

“ఏమే, నా ఎర్ర డ్రెస్సు ఎక్కడ?”

“రెండో అరలో, ఎడమపక్క, తెల్ల దుప్పటి కింద.”

“లేదిక్కడ.”

“ఉంది, చూడండి.”

“లేదంటుంటే! ఎడమంటే నీ ఎడమా, నా ఎడమా?”

“బీరువాకి ఎదురుగా నిలబడితే ఎవరి ఎడమైనా ఒకటేనండీ.”

ఇరవై నిమిషాలు. బీరువాలో ఉన్నవన్నీ మంచం మీదికొచ్చాయి, పట్టుచీరల మీద గ్యాస్ పుస్తకం, దాని మీద పిల్లాడి ఊలు టోపీ. దుప్పటి ఒక్కటీ కదల్లేదు. దుప్పటి ఎత్తితే కింద ఏదైనా ఉండొచ్చన్న ఊహే ఆ మహానుభావుడికి రాలేదు. ఊరు పోయినట్టే అనుకుంటున్నారా? పోలేదు. అవతల విలన్ కూడా ఫోన్‌లోనే ఉన్నాడు: “ఏమే, బాంబు రిమోట్ ఎక్కడ పెట్టావు?” అలా బెజవాడ బతికింది. ఇద్దరు ఆడవాళ్లు మీటింగుల్లో చీవాట్లు తిన్నారు, అది వేరే సంగతి.

2019లో కేంద్రం చేయించిన టైమ్ యూజ్ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు చేస్తారని తేలింది. చేసే మగవాళ్లంటే వందలో 26 మంది. మిగతా 74 మంది ఏం చేస్తున్నారో సర్వేవాళ్లని అడగక్కర్లేదు, బీరువా ముందు నిలబడి ఉన్నారు. ఆ 97 నిమిషాల్లో ‘ఎక్కడుందీ’ అని అరిచిన టైమ్ కూడా కలిపారేమో అని మాత్రం నా అనుమానం.

ఇంతవరకూ నవ్వుతూనే రాశాను. ఇక నవ్వను.

మా అమ్మకి గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయిన రోజు. మత్తు ఇంకా పూర్తిగా దిగలేదు, పెదాలు ఎండిపోయి ఉన్నాయి, నీళ్లు తాగించొద్దన్నారని తడి దూదితో అద్దుతున్నాను. ఫోన్ మోగింది. నాన్న. ఎలా ఉంది అని అడుగుతారనుకుని స్పీకర్ పెట్టాను.

“ఇంగువ డబ్బా ఎక్కడుందో అడుగు.”

ఆవిడ కళ్లు తెరవకుండానే, “స్టవ్ పైన గూట్లో, పసుపు డబ్బా వెనకాల” అంది. పక్కన కాదు, వెనకాల అని మళ్లీ చెప్పింది. నాకు ఆ ఫోన్ గోడకేసి కొట్టాలనిపించింది. కనపడకపోవడమేంటి? ఆ ఇంటికి ప్లాన్ గీయించిందీ, పునాది తవ్వించిందీ, రిజిస్ట్రేషన్ తన పేరున చేయించుకుందీ ఆయనే. గూడు ఎంత ఎత్తులో ఉండాలో మేస్త్రీకి చెప్పిందీ ఆయనే. డబ్బా కనపడక కాదు, వెతకాల్సింది తను కాదన్న నమ్మకం. ఒళ్లు కోసి కుట్లు వేసిన మనిషైనా సరే లేచి చెప్తుందన్న ధైర్యం. దీన్ని మతిమరుపనీ, పాపం మగాళ్లింతే అనీ ముద్దు చేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, అందులో మా అత్తలూ పిన్నులూ కూడా ఉన్నారు. అందరికన్నా ముందు అమ్మే ఉంది. నర్సు వింతగా చూస్తుంటే, “మా ఆయనకి ఇల్లు తెలీదమ్మా” అని నవ్వబోయింది, కుట్లు లాగి ఆగిపోయింది.

ఇంగువ దొరికిందట. చారు బాగా కుదిరిందని సాయంత్రం ఆస్పత్రికొచ్చి నాన్న స్వయంగా చెప్పారు. అమ్మకి తెమ్మన్న ఫ్లాస్కు మాత్రం తేలేదు. ఎక్కడా కనపడలేదట.