పావుకిలో నిమజ్జనం

కాఫీ పొడిని వారానికి పావుకిలోకి మించి కొనకూడదన్నది మా ఇంట్లో నేను పెట్టిన నియమం. గింజను వేయించి మర పట్టిన క్షణం నుంచే దాని పరిమళం గాలికి దానధర్మాలు మొదలుపెడుతుందనీ, నెలకు సరిపడా కొని డబ్బాలో దాచుకునేవారు మూడో వారం నుంచి తాగేది కాఫీ రంగు వేసిన పాలేననీ పెళ్ళయిన కొత్తలోనే మా ఆవిడకు ఉపన్యసించాను. ఆవిడ అప్పుడేమీ అనలేదు. ముప్ఫై ఏళ్ళ తరువాత, 2024 సెప్టెంబరు 17న, అనంత చతుర్దశి నాటి ఉదయం ఖాళీ డబ్బాను నా ఎదుట బోర్లించి, అడుగున రెండుసార్లు తట్టి చూపించినప్పుడు కూడా ఏమీ అనలేదు.

దీనికి కారకుడు ఆవిడ తమ్ముడు. ఖైరతాబాద్ గణపతిని చూడటానికని రాజమండ్రి నుంచి కుటుంబసమేతంగా దిగాడు. 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలైన ఆ ఉత్సవానికి 70 ఏళ్ళు నిండిన సందర్భంగా ఆ ఏడు స్వామి 70 అడుగుల ఎత్తున మట్టితో కొలువుదీరాడు. మా బావమరిది ఆ 70 అడుగులను ఒక్క చూపులో చూడలేక విడతలవారీగా దర్శించుకున్నాడు. వెళ్ళేముందు ఒక కాఫీ, వచ్చి చెప్పులు విప్పగానే ఒక కాఫీ తాగాడు. మొదటి డికాక్షన్ తప్ప రెండోది తనకు పడదని కూడా సెలవిచ్చాడు. సోమవారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వారిని సాగనంపి వచ్చేసరికి, వారితోపాటు నా వారపు కోటా కూడా వెళ్ళిపోయింది.

"పై అంతస్తు వాళ్ళ దగ్గర ఇన్‌స్టంట్ పొడి ఉంటుంది, ఒక చెంచాడు అడిగి తెస్తాను," అంది మా ఆవిడ. నేను ఒప్పుకోలేదు. కాఫీ అనేది ఓపికకు దక్కే ఫలం. ఫిల్టరు పైగిన్నెలో పొడి వేసి, గొడుగు బిళ్ళతో మరీ గట్టిగా అదమకుండా, మరీ వదులుగా వదిలేయకుండా సర్ది, తెర్లి దించిన నీళ్ళు పోసి మూతపెట్టాక, అడుగు గిన్నెలోకి బొట్టుబొట్టుగా దిగే ఆ పావుగంట ఇల్లంతా ఒక యజ్ఞశాలగా మారుతుంది. వేడినీళ్ళు తగలగానే ఆనవాలు లేకుండా కరిగిపోయే పదార్థాన్ని నేను నమ్మలేను. అంత తొందరగా లొంగిపోయేదానిలో సారం ఏముంటుంది?

"అయితే సాయంత్రం దాకా ఆగండి. ఇవాళ రోడ్లన్నీ మూసేస్తున్నారట, టీవీలో చెబుతున్నారు."

టీవీలో చెప్పడమే నన్ను బయలుదేరదీసింది. వార్తా ఛానెళ్ళ విషయంలో నాకొక స్థిరమైన అభిప్రాయం ఉంది: అవి కూడా ఒక రకం డికాక్షనే, కాకపోతే ఒకే పొడి మీద పొద్దుటి నుంచి రాత్రి దాకా నీళ్ళు పోస్తూనే ఉంటారు. ఆ ఉదయం తెరను ఆరు ముక్కలు చేసి, ఒక ముక్కలో బాలాపూర్ లడ్డూ వేలం, ఒక ముక్కలో ఖైరతాబాద్, ఒక ముక్కలో ఖాళీగా ఊగుతున్న క్రేను కొక్కెం, మిగిలిన మూడింటిలో ఒకరి మాట ఒకరు విననివ్వని ముగ్గురు విశ్లేషకులు కనిపించారు. 1994లో 450 రూపాయలకు పాడుకున్న ఆ లడ్డూ ఈసారి 30 లక్షల 1,000 రూపాయలు పలికింది. లడ్డూ మీద నాకేమీ కోపం లేదు. దాని ధర పక్కన నా పావుకిలో ధరను తలచుకుని, ఇంత చవకైన ప్రాణావసరానికి అడ్డుపడే ట్రాఫిక్ ఆంక్షలేమిటని మాత్రం అనిపించింది. సంచీ తీసుకుని బయలుదేరాను.

మేముండేది హిమాయత్‌నగర్ సందులో. కాఫీ కొట్టు చిక్కడపల్లిలో ఉంది. నడిస్తే అరగంట దారి. వెళ్ళడం సులువుగానే వెళ్ళాను. పద్మవ్యూహంలోకి వెళ్ళడం ఎవరికైనా సులువేనన్న సంగతి అప్పటికి గుర్తు రాలేదు. కొట్టు యజమాని సగం షట్టరు దించుకుని ఉన్నాడు. వంగి లోపలికి వెళ్ళి, నా వంతుకు పీబెర్రీ గింజలు మరలో పోయించి, నూటికి ఇరవై పాళ్ళు చికోరీ కలిపించుకున్నాను. చికోరీ అసలు కాఫీ కాదు, వేయించిన ఒక మొక్క వేరు. దానిలో కెఫీన్ ఉండదు, చిక్కదనమూ రంగూ ఉంటాయి. ఇరవై పాళ్ళు దాటితే అది కషాయమనీ, బొత్తిగా లేకపోతే పాలలో కాఫీ నిలదొక్కుకోలేదనీ నా మతం. గోధుమరంగు కాగితం పొట్లం మరవేడికి ఇంకా వెచ్చగా ఉంది. దాన్ని సంచీలో వేయడానికి మనసొప్పక చంటిపిల్లవాడిని ఎత్తుకున్నట్లు గుండెకు ఆనించుకుని బయటికి వచ్చాను.

ఈలోగా ముషీరాబాద్ వైపు నుంచి వస్తున్న విగ్రహాలన్నీ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాటి నారాయణగూడ దారి పట్టాయి. ముందు డప్పులు, వెనుక డీజే, మధ్యలో గులాల్ చల్లుకుంటున్న యువత, వారి మధ్యలో కాఫీ పొట్లంతో నేను. పన్నెండు గంటలకు తలనొప్పి మొదలైంది. పొద్దున్న పడవలసిన కాఫీ పడకపోతే మధ్యాహ్నానికి నా కణతల దగ్గర వేరే ఊరేగింపు బయలుదేరుతుంది.

నారాయణగూడ చేరేలోపు ఒక ఇరానీ హోటల్ కనిపించింది. ఇరానీ చాయ్‌ను నేను గౌరవిస్తాను. డికాక్షన్‌ను మూతపెట్టి సన్నని మంట మీద గంటల తరబడి మరిగించడం, పాలను వేరుగా చిక్కబరచడం, రెండింటినీ కప్పులోనే కలపడం, ఇదంతా కాఫీ సంప్రదాయానికి దాయాది వరస. ఉస్మానియా బిస్కెట్టు కూడా ఉప్పూ తీపీ మధ్య ఎటూ తేల్చుకోని దాని స్వభావం వల్ల నాకిష్టమే. కానీ దాయాది ఇంట్లో భోజనం చేయవచ్చునేమో గానీ తల తాకట్టు పెట్టలేము గదా! పక్కనే ఒక యంత్రం మీద కాఫీ అని రాసి ఉంది. మీట నొక్కగానే బుస్సుమని ముప్పాతిక కప్పు నురగ, దాని అడుగున పలుచని తీపి ద్రవం వచ్చాయి. అరకు లోయ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందే పారిస్ నగరంలో దానికొక దుకాణం వెలిసింది. మన కొండవాలు మీద మిరియాల తీగెలు పాకిన చెట్ల నీడన పండిన గింజ ఫ్రెంచివారి దాకా వెళ్ళగలిగినప్పుడు నారాయణగూడ కూడలి దాకా ఎందుకు రాలేకపోయిందో అర్థం కాలేదు. కప్పు అలాగే వదిలేశాను. ఇప్పుడు తలచుకుంటే ఆ నురగైనా తాగవలసింది.

కూడలి దాటడం అసాధ్యమని నిలబడిపోయిన సమయంలో, "అంకుల్, ఇంటికేనా? ఎక్కండి!" అని కేక వినిపించింది. మా సందు చివరి అపార్ట్‌మెంట్ కుర్రాళ్ళు డీసీఎం వాహనంలో తమ నాలుగడుగుల వినాయకుడితో వెళుతున్నారు. పొరుగు ఊరేగింపులో చేరాలన్న కోరికతో సికింద్రాబాద్ దాకా ఎందుకు వెళ్ళివచ్చారో నేను అడగలేదు. నలుగురు చేయందించారు, ఒకరు వెనుక నుంచి నెట్టారు, పైకి చేరాను. వాహనం హిమాయత్‌నగర్ మీదుగానే వెళుతుంది కాబట్టి మా సందు మొదట్లో దిగిపోవచ్చునని నా లెక్క. గులాల్ మేఘాలు ముసురుకుంటుంటే, పొడికి రంగు సోకకుండా ఉండే చోటు స్వామి వెనుకేనని తోచి, మూషికానికీ పీఠానికీ మధ్య ఉన్న సందులో పొట్లాన్ని భద్రంగా ఇరికించాను. విఘ్నాలు తొలగించే దేవుడి అండన ఉంచిన వస్తువుకు విఘ్నమేముంటుంది?

మా సందు వచ్చింది; మా సందు వెళ్ళిపోయింది. ముందున్న లారీ కదులుతుంటే ఆగడానికి వీల్లేదని పోలీసులు ఈలలు వేస్తున్నారు, వెనుక లారీ డీజే నా కేకలను మింగేస్తోంది. బాల్కనీలో నిలబడి ఊరేగింపు చూస్తున్న మా ఆవిడకు చేతులు ఊపి నా దుస్థితి తెలియజేయబోయాను. ఆవిడ ఎంతో ఆప్యాయంగా చేతులు జోడించి నమస్కరించింది. ఆ నమస్కారం స్వామికి. ముఖం నిండా గులాబీ రంగు ఉన్న నన్ను ఆవిడ గుర్తుపట్టలేదు.

లిబర్టీ దాటి ఎన్టీఆర్ మార్గ్ చేరేసరికి సాయంత్రమైంది. 1562లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో తవ్వించిన హుస్సేన్‌సాగర్ ఎదురుగా, మధ్యలో 1992 నుంచి నిశ్చలంగా నిలబడి ఇదంతా చూస్తున్న బుద్ధుడు. ఆ ప్రశాంతత కాఫీ అలవాటు లేనివారికే సాధ్యం. కుర్రాళ్ళు పత్రినీ పూలనూ నీళ్ళలో వేయకూడదని బుద్ధిగా వేరు చేసి మునిసిపల్ సిబ్బందికి అప్పగించారు, చివరి హారతి ఇచ్చారు, నాకింత పులిహోర పెట్టారు. ఇంగువ పడవలసినంత పడిన ఆ పులిహోర తింటూ, ఊళ్ళో అందరూ బిరియానీని పొగిడేటప్పుడు దీని ఊసు ఎవరూ ఎత్తరేమని ఆలోచిస్తున్నాను. తల ఎత్తేసరికి స్వామి క్రేను పళ్ళెం మీద గాలిలో ఉన్నాడు. మూషికం పక్కన గోధుమరంగు కాగితం కొస రెపరెపలాడుతోంది.

"ఆపండి! కాఫీ! నా కాఫీ!" అని చేతులెత్తి అరిచాను.

"గణపతి బప్పా మోరియా!" అని వంద గొంతులు నాకు వంత పాడాయి.

క్రేను నెమ్మదిగా వంగింది. పావుకిలో పీబెర్రీ, నూటికి ఇరవై పాళ్ళ చికోరీతో సహా హుస్సేన్‌సాగర్‌లో కలిసిపోయింది. ఆ నీళ్ళ రంగులో మార్పేమీ కనిపించలేదు. అవి అప్పటికే రెండో డికాక్షన్ రంగులో ఉన్నాయి.

కళ్ళు చెమర్చిన మాట నిజం. అదే అదనుగా ఒక మైకు నా గడ్డం కింద మొలిచింది. స్వామివారికి ఏం సమర్పించారని విలేఖరి అడిగాడు. "కాఫీ పొడి," అన్నాను. ఎంత ఇష్టమని అడిగాడు. "ప్రాణం," అన్నాను. ఇకపై కాఫీ సంగతేమిటని అడిగాడు. "ఇంకెక్కడి కాఫీ, అంతా అయిపోయింది," అన్నాను. ప్రతి జవాబూ సత్యమే. అతడు కెమెరా వైపు తిరిగి, కాశీకి వెళ్ళినవారు ఇష్టమైన పదార్థాన్ని గంగలో వదలడం మనకు తెలుసుననీ, కానీ ఎక్కువమంది కాకరకాయతో సరిపెట్టుకుంటారనీ, ఈ పెద్దాయన మాత్రం ప్రాణప్రదమైన కాఫీనే సాగర్‌లో వదిలేశారనీ గొంతు పెంచి వివరించాడు. నేను సరిదిద్దబోయేలోగా మైకు మరో గడ్డం కిందకు వెళ్ళిపోయింది.

మెట్రోలో కిక్కిరిసి ఇల్లు చేరేసరికి రాత్రి పది దాటింది. ముఖం కడుక్కున్నాక గుర్తుపట్టిన మా ఆవిడ, ఎన్నడూ లేని భక్తితో కుర్చీ జరిపి కూర్చోబెట్టింది. టీవీ తెర అడుగున "కాఫీ త్యాగం చేసిన భక్తుడు" అన్న అక్షరాలు గంటకు పదిసార్లు పరుగెత్తాయట. రాజమండ్రి నుంచి బావమరిది అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు. మూడోసారి నేనే ఎత్తాను. "బావగారూ, మీ పాదాలు ఏవి? మేమున్న నాలుగు రోజులూ మీరు ఎంత నియమంగా తక్కువ తాగారో నాకు ఇప్పుడు అర్థమైంది," అన్నాడు గద్గదస్వరంతో. పొడి పొదుపు చేయడానికి నేను కప్పు తగ్గించుకున్న సంగతి అతడికి ఎలా చెప్పను? జరిగింది జరిగినట్లు మా ఆవిడకు వివరించాను. "దేవుడికి ఇచ్చాక పొరపాటున ఇచ్చానంటే ఊరుకుంటాడా?" అని ఫిల్టరును చింతపండుతో తళతళా తోమి అటక ఎక్కించింది. ముప్ఫై ఏళ్ళ పావుకిలో ఉపన్యాసానికి ఆవిడ ఇచ్చిన మొదటి జవాబు అదే.

మరునాటి నుంచి రాగిజావ మొదలైంది. పై అంతస్తువారు పిలిచి మజ్జిగ ఇచ్చారు, ఆఫీసులో బార్లీ నీళ్ళు ఇచ్చారు, అందరూ నేను తాగేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డారు. నాలుగో రోజు తెల్లవారుజామున నడకకని చెప్పి చిక్కడపల్లి పరుగెత్తాను. కొట్టు ముందు మర తిరుగుతోంది, ఆ పరిమళం వీధి మలుపు దాకా వచ్చి నన్ను చేయి పట్టుకుని తీసుకువెళ్ళింది. యజమాని నన్ను చూడగానే మర ఆపి, గల్లాపెట్టె దగ్గర నుంచి లేచి నిలబడ్డాడు.

"టీవీలో చూశాం సార్. మా కొట్టు పొడేనని మావాళ్ళందరికీ చెప్పాను," అని లోపలికి తిరిగి కుర్రాడిని పిలిచాడు. "సార్‌కు ఒక గ్లాసు పాలు పట్రారా. అందులో ఏమీ కలపొద్దు."