కళాశాలను బట్టి శాఖా, శాఖను బట్టి కళాశాలా?

(ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు ఇవ్వవలసిన సమయం. అమ్మాయి ర్యాంకుకు కాకినాడ జేఎన్‌టీయూలో ఎలక్ట్రికల్ గాని, గుంటూరు దగ్గరి ఒక కొత్త ప్రైవేటు కళాశాలలో కంప్యూటర్ సైన్సు గాని వచ్చేలా ఉంది. వాదిస్తున్నవారు తండ్రి, మెకానికల్ అధ్యాపకుడైన మేనమామ.)

తండ్రి: కంప్యూటర్ సైన్సు సీటు అందుతూ ఉంటే ఎలక్ట్రికల్‌లో చేర్పించమంటావేమిటి? 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ తెరిచిన నాటి నుంచి మన బంధువుల్లో స్థిరపడినవాళ్లందరూ సాఫ్ట్‌వేర్ జీతాలతోనే స్థిరపడ్డారు.

మేనమామ: ఆ జీతాలను నేను కాదనడం లేదు బావగారూ. అయితే పెద్ద సాఫ్ట్‌వేర్ సేవా సంస్థలు కొత్తవారికి ఇచ్చే ఏడాది జీతం పదిహేనేళ్లుగా మూడు, మూడున్నర లక్షల దగ్గరే ఆగిపోయింది. ధరలు మాత్రం ఆగలేదు. పైగా 2024-25 నుంచి, సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ, శాఖకు ఇన్ని సీట్లే అన్న పరిమితిని ఎత్తివేయడంతో, సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించుకుని కృత్రిమ మేధ, డేటా సైన్స్ అని కొత్త పేర్లతో సెక్షన్లు పెంచుకున్న కళాశాలలు ఎన్నో ఉన్నాయి. సెక్షన్లు పెరిగినంత వేగంగా ఆపరేటింగ్ సిస్టమ్స్‌ను, కంపైలర్లను లోతుగా చెప్పగల అధ్యాపకులు ఎక్కడి నుంచి వస్తారు? నిన్న పట్టా పుచ్చుకున్నవారే నేడు పాఠం చెబుతారు, ల్యాబులో ప్రోగ్రాము రాయడానికి బదులు రికార్డు నింపిస్తారు. చిన్న చిన్న ప్రోగ్రాములు యంత్రమే రాసిపెడుతున్న ఈ రోజుల్లో, యంత్రం రాసినదానిలో తప్పు పట్టగలిగినవాడికే విలువ. ఆ శక్తి శాఖ పేరుతో రాదు.

తండ్రి: మరి నీ మెకానికల్ విద్యార్థులు ఎక్కడున్నారు? నాలుగేళ్లు థర్మోడైనమిక్స్ చదివి, అమీర్‌పేటలో జావా నేర్చుకుని, అవే కంపెనీల్లో చేరారు. చేరేది అక్కడికే అయినప్పుడు చుట్టుదారి ఎందుకు?

మేనమామ: చాలామంది విషయంలో అది నిజమే. కానీ వాళ్లను తీసుకున్న ఆ కంపెనీలు శాఖను చూడలేదని కూడా మీ మాటతోనే తేలింది. ఎలక్ట్రికల్ విద్యార్థి కంప్యూటర్ సైన్సును మైనర్‌గా, అంటే తన శాఖతో పాటు అదనంగా, చదువుకోవచ్చు, ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్‌లో కంప్యూటర్ సైన్సు పేపరూ రాయవచ్చు. 2025లో టీసీఎస్ ఒక్కటే 12,000 మందికి పైగా ఉద్యోగులను తగ్గించుకుంటామని ప్రకటించింది. అలాంటి రోజు వస్తే విద్యుత్తు రంగమనే రెండో దారి ఆమెకు ఉంటుంది.

తండ్రి: ఆ తగ్గించినది ఎక్కువగా మధ్య, పై స్థాయి సిబ్బందిని. కొత్తవారిని భయపెట్టడానికి ఆ లెక్క పనికిరాదు.

మేనమామ: కొత్తవారు పదేళ్లకు ఆ స్థాయికే కదా చేరుకునేది! అసలు 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ మొదలయ్యాక కళాశాలలు లెక్కకు మించి పెరిగి ఈ పరిస్థితి వచ్చింది.

తండ్రి: ఆ పథకం లేకపోతే కౌలు రైతు బిడ్డ ఇంజనీరింగ్ కళాశాల గడప తొక్కేదా? జీతం తీసుకుంటూ పాఠం చెప్పే నీకు అది కనిపించదు.

మేనమామ: పథకాన్ని నేను తప్పుపట్టలేదు.

తండ్రి: ఇప్పుడే పట్టావు.

మేనమామ: డబ్బు ఇచ్చిన ప్రభుత్వం, ఆ డబ్బుతో ఎలాంటి చదువు చెబుతున్నారో చూడలేదని అంటున్నాను. సరే, దాన్ని వదిలేద్దాం. గుంటూరు వెళ్లి, మూడో సంవత్సరం విద్యార్థులను ఇద్దరిని పలకరించి, డేటా స్ట్రక్చర్స్ ఎవరు చెప్పారో, ఆ అధ్యాపకుడు ఏడాది పొడుగునా ఉన్నాడో లేదో అడుగుదాం. వాళ్ల జవాబు బాగుంటే నేను అభ్యంతరం చెప్పను.

తండ్రి: కాకినాడలోనూ అడుగుతావా? 1946లో మొదలైన పాత కళాశాల అన్న గౌరవం వేరు, ఇవాళ తరగతి గదిలో ఎవరున్నారన్నది వేరు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఖాళీ పోస్టులు ఏళ్ల తరబడి భర్తీ కాక, గంటల లెక్కన వచ్చేవారితో పాఠాలు నడుస్తున్నాయని నువ్వే చెప్పేవాడివి.

మేనమామ: చెప్పాను, అది నిజమే. కాకినాడలోనూ అదే ప్రశ్న అడుగుదాం. ముందు ఎక్కడికి వెళ్దామంటారు?

తండ్రి: గుంటూరుకే. ఆప్షన్ల గడువు ఎల్లుండితో ముగుస్తుంది.