కారు ఏసీ పెట్రోలు తాగేది గంటల లెక్కన

"ఏసీ వేస్తే మైలేజీ ఎంత పడిపోతుంది?" అన్న ప్రశ్న మా కారులో ఏడాదికి రెండు మూడుసార్లు, చెన్నై నుంచి నెల్లూరు వెళ్లే దారిలో, సరిగ్గా రెడ్‌హిల్స్ దాటగానే లేస్తుంది. లేవనెత్తేది మా మామగారు. ముందు సీట్లో కూర్చున్న ఆయన చెయ్యి చాచి ఏసీ ఆపేసి, తన వైపు అద్దం సగం దించి, "గాలి ఊరికే వస్తుంటే పెట్రోలు కాల్చడమెందుకు నాయనా" అంటారు. గుమ్మిడిపూండి వచ్చేసరికి వెనక సీట్లో పిల్లల జుట్టు లేచి ముఖాల మీద పడుతూ ఉంటుంది, ఎవరు ఏం మాట్లాడుతున్నారో వినపడదు, నేను మాత్రం పెద్దాయన ముందు నోరెత్తలేక తడ దాకా భరిస్తాను. ఇదే మామగారు మా ఇంట్లో ఉన్న నాలుగు రోజులూ నాతో పాటు తి.నగర్‌కు వచ్చి, ఆడవాళ్లు చీరలు చూస్తున్నంతసేపూ ఆగిన కారులో ఇంజన్ నడిపించుకుని, ఏసీ వేసుకుని, హాయిగా పేపరు చదువుకుంటారు. కారు కదలడం లేదు కాబట్టి మైలేజీ అన్న మాటే ఆయనకు అప్పుడు గుర్తుకు రాదు.

ఈ వ్యవహారం పూర్తిగా తలకిందులుగా ఉందన్న అనుమానంతో నేను కొన్ని నెలలు లెక్క రాశాను. ఎప్పుడూ ఒకే బంకులో, మొదటిసారి గన్ను ఆగేవరకే నింపించి, ట్రిప్ మీటరు సున్నా చేసి, మళ్లీ నింపినప్పుడు ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని లీటర్లు అన్నవాటితో పాటు ఎన్ని గంటలు నడిపానో కూడా డైరీలో వేసుకున్నాను. చెన్నైలో మా ఇల్లున్న వేళచ్చేరి నుంచి షోలింగనల్లూరులోని ఆఫీసుకు పదమూడున్నర కిలోమీటర్లు. మెట్రో పనుల పుణ్యమా అని ముప్పావుగంట పడుతుంది, అంటే సగటున గంటకు 18 కిలోమీటర్లు. ఆ దారిలో ఏసీ లేకుండా లీటరుకు 13.2 కిలోమీటర్లు వస్తే, ఏసీతో 10.5 వచ్చింది. నెల్లూరు దారిలో సగటు వేగం 70. అక్కడ ఏసీ లేకుండా 19.5, ఏసీతో 17.8. మైలేజీగా చూస్తే నగరంలో అయిదో వంతు పోయింది, హైవే మీద పదో వంతైనా పోలేదు. అదే లెక్కను గంటలలోకి మార్చి చూసుకున్నప్పుడు మాత్రం నాకు నవ్వొచ్చింది. రెండు చోట్లా ఏసీ అదనంగా తాగింది గంటకు ఇంచుమించు 350 మిల్లీలీటర్లే.

ఇందులో వింతేమీ లేదు. ఏసీలో గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్‌ను నడిపేది ఇంజన్‌కు తగిలించిన బెల్టు. దానికి కావలసిన శక్తి బయటి వేడిని, తేమను, లోపలి చల్లదనాన్ని బట్టి ఉంటుందే తప్ప, చక్రాలు ఎన్ని కిలోమీటర్లు తిరిగాయన్న సంగతితో దానికి పని లేదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే చిన్న కారుకు గాలిని చీల్చుకుని, టైర్ల రాపిడిని తట్టుకుని పోవడానికే ఏడెనిమిది కిలోవాట్లు కావాలి, అందులో ఏసీ అడిగే ఒకటో రెండో కిలోవాట్లు చిన్న వాటా. నా ఆఫీసు దారిలో పెరుంగుడి దగ్గర గంటకు 20తో పాకే కారు కదలికకు మాత్రం ఒక కిలోవాట్ కూడా అక్కర్లేదు, కాబట్టి అక్కడ బండిని లాగడానికయ్యే శక్తికంటే బండిని చల్లబరచడానికయ్యే శక్తే ఎక్కువ. మాటిమాటికీ బ్రేకు వేసి మళ్లీ లాగడంలో పోయేది దీనికి అదనం.

నెల్లూరు 175 కిలోమీటర్లు, రెండున్నర గంటలు. అంతసేపూ ఏసీ వేసుకుంటే అయ్యే పెట్రోలు లీటరుకు లోపే. నేను రెండు రోజులు ఆఫీసుకు వెళ్లొస్తే అంతకంటే ఎక్కువ అవుతుంది. మామగారు పిల్లల జుట్టు చెదరగొట్టి మిగిల్చేది, అది కూడా నిజంగా మిగిలితే, ఎనభై తొంభై రూపాయలన్నమాట. "నిజంగా మిగిలితే" అని ఎందుకంటున్నానంటే, వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది, అద్దాలు దించిన కారు ఆ అడ్డును మరింత పెంచుకుంటుంది. ఏ వేగం దగ్గర అద్దాలకంటే ఏసీయే చవకవుతుందో కారు ఆకారాన్ని బట్టి మారుతుంది కానీ, హైవే వేగాల దగ్గర అద్దాలు దించి పొదుపు చేశామనుకోవడం చాలావరకు తృప్తి కోసమే.

ఇక తి.నగర్ సంగతి. ఆగి ఉన్న చిన్న పెట్రోలు కారు ఇంజన్ ఊరికే తిరగడానికే గంటకు అరలీటరుకు పైగా తాగుతుంది, దాని మీద ఏసీ వాటా చేరితే గంటకు దగ్గర దగ్గర లీటరు. ప్రయాణించింది సున్నా. పొదుపు మీద నిజంగా ప్రేమ ఉన్నవారు ఆపవలసింది అక్కడ.

కారు కొనేటప్పుడు మనం చూసే మైలేజీ అంకె కూడా ఈ భ్రమను పెంచుతుంది. కార్లను పరీక్షించే ఏఆర్‌ఏఐ సంస్థ పరీక్షలో వచ్చిన అంకె అంటే, ప్రయోగశాలలో రోలర్ల మీద, ఏసీ ఆపి, సగటున గంటకు 32 కిలోమీటర్ల చొప్పున, ఎక్కడా 90 దాటకుండా నడిపినప్పుడు వచ్చిన అంకె. చెన్నైలో ఓఎంఆర్ మీద మే నెలలో కారు నడిపేవాడికి ఆ అంకెతో చుట్టరికం చాలా దూరం. అమెరికా ప్రభుత్వ ఇంధన విభాగమే, బాగా వేడిగా ఉన్నప్పుడు, ముఖ్యంగా పొట్టి ప్రయాణాల్లో, ఏసీ వల్ల మైలేజీ 25 శాతానికి పైగా కూడా పడిపోవచ్చని చెబుతున్నప్పుడు, నా అయిదో వంతు లెక్కను చూసి కారు చెడిపోయిందని నేను ఎందుకు బెంగపడాలి?

పైగా చెన్నైలో ఎండ ఒక్కటే కాదు, ఉక్క కూడా ఉంది. ఇక్కడివాళ్లు అగ్నినక్షత్రం అనే, మనం కర్తరి అనే రోజుల్లో కారు ఆపి పది నిమిషాలకు కింద చూడండి, ఎడమ చక్రం వెనక నేల మీద చిన్న మడుగు ఉంటుంది. కొత్తలో రేడియేటర్ కారుతోందేమోనని నేను వంగి, వేలు ముంచి వాసన కూడా చూశాను, వట్టి నీళ్లు. గాలిలోని తేమను ఏసీ నీరుగా రాల్చినప్పుడు లీటరుకు సుమారు 24 లక్షల జౌళ్ల వేడిని లాగవలసి వస్తుంది. గంటలో ఒక లీటరు రాలిందంటే దాదాపు 670 వాట్ల చల్లదనం కేవలం గాలిని ఆరబెట్టడానికే పోయినట్టు. బెంగళూరులో ఉన్న మా తమ్ముడు "నేనసలు ఏసీ వెయ్యనే వెయ్యనన్నా" అని గొప్పలు పోతాడు. ఆ గొప్ప వాడిది కాదు, సముద్రానికి 900 మీటర్ల ఎత్తున ఉన్న వాడి ఊరిది.

ఈ లెక్కల్లోంచే కొన్ని అలవాట్లు మార్చుకున్నాను. ఎండలో ఉన్న కారు ఎక్కగానే అద్దాలన్నీ దించి వంద గజాలు నడిపి, ఆ కొలిమి గాలి పోయాకే ఏసీ వేసి, బయటి గాలి రాకుండా లోపలి గాలే తిరిగే బటన్ నొక్కుతున్నాను. ఇల్లు అయిదు నిమిషాల్లో వస్తుందనగా ఏసీ ఆపి బ్లోయర్ మాత్రం ఉంచుతున్నాను. అప్పటికే చల్లబడిన కాయిల్ ఆ కాస్త దూరానికి సరిపోతుంది. నాబ్‌ను ఎర్ర వైపు సగం తిప్పితే పెట్రోలు మిగులుతుందనుకోవడం మాత్రం మానేశాను, ఎందుకంటే మా కారు లాంటి మామూలు ఏసీ కార్లలో చాలావాటిలో ఆ నాబ్ చేసేది చల్లబరచిన గాలిలో ఇంజన్ వేడిని కలపడమే.

ఏటా గ్యాస్ నింపించాలన్న మాటను కూడా నేను ఇక నమ్మను. ఒక వర్క్‌షాపులో వరుసగా రెండు వేసవులు నాచేత గ్యాస్ నింపించారు. అది పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, మూసి ఉన్న గొట్టాల్లో తిరిగేది, ఒక్క ఏడాదిలో అంత తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టేనని ఒక్కరూ చెప్పలేదు. మూడో ఏడు వేరే మెకానిక్ ముందు గ్రిల్లు విప్పి చూపిస్తే, ఏసీ లాగిన వేడిని బయటికి వదిలే కండెన్సర్ రెక్కల నిండా మెట్రో దుమ్ము, చచ్చిన పురుగులు, అడుగున ఒక జాయింటు దగ్గర గ్యాస్ కారుతోందని చెప్పే నూనె మరక. వేడి బయటికి పోయే దారి మూసుకుపోతే కంప్రెసర్ మీద ఒత్తిడి పెరుగుతుంది, ఆ బరువు మోసేది ఇంజన్, డబ్బు కట్టేది నేను.

మొన్న కారు సర్వీసుకు ఇచ్చి క్యాబ్ ఎక్కాను. నేను ఫోనులో తెలుగు మాట్లాడటం విని, తనది పుత్తూరని చెప్పిన డ్రైవరు, ఏసీ వెయ్యమంటే బటన్ మీద వేలు పెట్టి ఆగి, "రేటు ముందే ఫిక్సయిపోయింది సార్. ఈ జామ్‌లో ఏసీ వేస్తే నాకేం మిగల్దు" అన్నాడు. ఇదివరకైతే వాదించేవాణ్ణి. ఖాళీ రోడ్డు మీద ఆ మాట అంటే ఇప్పటికీ వాదిస్తాను, కానీ తరమణి సిగ్నల్ దగ్గర అతని మాటే నిజం: డబ్బు దూరాన్ని బట్టి ముందే తేలిపోయింది, ఏసీ మాత్రం గంటల లెక్కన తాగుతోంది. తమిళనాడు ప్రభుత్వం 2013లో ఆటో మీటరు ధరలు సవరించినప్పుడు కిలోమీటరుకు 12 రూపాయలతో పాటు, ఆగిన ప్రతి అయిదు నిమిషాలకు మూడున్నర రూపాయలు పెట్టింది. అంటే గంటకు 42 రూపాయలు. ఇవాళ్టి ధరలో నా డైరీలోని గంట ఏసీ పెట్రోలు ఖరీదు సుమారు 35. ఏసీ ఊసే లేని ఆటో కోసం వేసిన ఆ వెయిటింగ్ ఛార్జీ ఈ క్యాబ్‌లో ఉంటే, అతను బటన్ మీద వేలు పెట్టి ఆగేవాడు కాదు.