బీడీకి నోబిడ్, వేప్‌కి బ్రైట్ గ్రేడు

ఒంగోలు, కందుకూరు, కలిగిరి వేలం కేంద్రాల్లో పొగాకు బేళ్లకు రంగూ నాణ్యతా చూసి గ్రేడు కడతారు. మేలురకం బ్రైట్ గ్రేడు, ఎవరూ పాట పాడనిది నోబిడ్. మన కాలేజీల వెనక టీ బంకుల దగ్గర కుర్రాళ్లు ఇదే పని ఏడాది పొడవునా చేస్తున్నారు, అదీ కమీషన్ లేకుండా! ఇంత నైపుణ్యం రెండో సెమిస్టర్‌కే అబ్బడం జిల్లాకు గర్వకారణం.

కుర్రాళ్ల గ్రేడింగులో ఆకుతో పనిలేదు, తాగేవాడెవడన్నదే లెక్క. బీడీ ముఠాకూలీ తాగుతాడు కాబట్టి ప్రాణాంతకం, నోబిడ్. చుట్ట తాతది. ఖైనీ కంపు. సిగరెట్ సీనియర్ ఇచ్చాడు గనక మధ్యరకం. ఆపిల్ వాసన హుక్కా, మామిడి వాసన వేప్ (ఈ-సిగరెట్) మాత్రం బ్రైట్ గ్రేడు. పండ్లు ఒంటికి మంచివని అమ్మ చెప్పింది కదా!

బీడీ దగ్గర మాత్రం వాళ్ల తీర్పు పొరపాటున సగం నిజమైంది. తునికాకు గాలి చొరనివ్వదు, ఆరిపోకుండా మాటిమాటికీ గట్టిగా లాగాలి. అందుకే లోపల పొగాకు చిటికెడే అయినా తారు దండిగా దిగుతుంది. హుక్కాలో నీళ్లేమో పొగను చల్లార్చుతాయి గానీ కడగవు. చల్లగా ఉందని ఇంకా లోతుకు పీలుస్తారు. గంట కూర్చుంటే 100 సిగరెట్లంత పొగ లోపలికి పోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పైనున్న బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ కొసరు. ఖైనీలో సున్నం నలిపేది నికోటిన్ తొందరగా రక్తంలో కలవడానికే. కెమిస్ట్రీ బ్యాక్‌లాగ్ ఉన్నవాడు కూడా ఈ ప్రయోగం తప్పడు.

వేప్ అమ్మి మొదటిసారి దొరికితే ఈ-సిగరెట్లను నిషేధించిన 2019 చట్టం కింద ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. అయినా అది 'ఉత్త ఆవిరే'నట. ఇడ్లీపాత్రలోదీ ఆవిరే, ఇడ్లీ మానేసినవాడికి నికోటిన్ అందక తరగతిలో చిరాకు పుట్టదు.

ప్యాకెట్ మీద 85 శాతం జాగాలో బొమ్మ హెచ్చరిక 2016 నుంచీ ఉంది. కుర్రాడు కొనేది లూజు. ప్యాకెట్ బంకులోనే ఉంటుంది, ఆ బొమ్మ చూసి జడుసుకోవాల్సింది బంకాయనే. విద్యాసంస్థకు 100 గజాల్లోపు అమ్మకూడదు, కొలత ప్రహరీ నుంచి తీయాలి. మనవాళ్లు ప్రిన్సిపాల్ కుర్చీ నుంచి తీస్తున్నట్టున్నారు.

ఈ కాలేజీల హాస్టళ్లలో బ్యారన్ (పచ్చాకును వేడితో ఆరబెట్టే కొట్టం) ఉన్న ఇళ్ల పిల్లలూ ఉన్నారు. మంచుకు తడిసిన పచ్చాకు పట్టుకుంటే చర్మంలోంచే నికోటిన్ ఎక్కి కళ్లు తిరుగుతాయని, వాంతులవుతాయని వీళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. అయినా గ్రేడింగ్ కమిటీలో వీళ్లే పెద్దలు. నాన్న బేలు నోబిడ్ అయిందని ఫోనొచ్చిన సాయంత్రం రెండు లూజు ఎక్కువ తెప్పిస్తారు, టెన్షనట.